దొరసానమ్మ సెంటర్ ఫార్వర్డ్

నా చిన్నప్పుడు మాకు ఊరంటే ఫుజైరాయే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క చెట్టూ పుట్టా లేని రాతి కొండలు, ఆ రెండింటి మధ్య మిగిలిన చోట మనుషులు. మా నాన్న రేవులో పనిచేసేవారు. దూరంగా లంగరు వేసుకుని నిలబడ్డ ఓడలకి ఇంధనం తీసుకెళ్లే బార్జీ మీద ఆయన డ్యూటీ. ఒకసారి వెళ్తే మూడు నాలుగు రోజులకి గానీ ఇల్లు చేరేవారు కాదు. మా అమ్మ ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. గోదావరి జిల్లాలో ఉన్న మా చుట్టాలందరూ మేం దుబాయ్‌లో ఉంటున్నామనే చెప్పుకునేవాళ్లు. దుబాయ్‌కీ మాకూ మధ్య ఆ కొండలన్నీ ఉన్నాయని చెప్పి చెప్పి విసిగిపోయి అమ్మ ఆ ప్రయత్నం మానేసింది.

మేం ఉండేది పాత బిల్డింగు, మొదటి అంతస్తు. వంటింటి కిటికీలోంచి చూస్తే కొండల పాదం దాకా ఖాళీ నేల కనిపించేది. ఎప్పుడైనా వాన గట్టిగా పడితే కొండ నీళ్లన్నీ అటుగానే దిగేవి. మిగతా ఏడాదంతా అక్కడ కంకర రాళ్లు, ముళ్ల తుప్పలు, ఎవరివో మేకలు. అవతల రోడ్డు మీద క్వారీ లారీలు దుమ్ము లేపుకుంటూ పోతుండేవి.

మా అమ్మ భయస్తురాలు. ఈ మాట ఆవిణ్ణి తక్కువ చేసి అనడం లేదు. ఆవిడ భయానికి కారణాలు ఉండేవి. కఫీల్, అంటే మా స్పాన్సరు, మంచివాడే, కానీ వీసా ఆయన చేతిలో ఉంది. క్లినిక్ ముదీర్, అంటే మేనేజరు, ఆయన కూడా మంచివాడే, కానీ డ్యూటీలు వేసేది ఆయన. మన సిలబస్ చెప్పే బళ్లలో మేం భరించగలిగింది ఆ ఊళ్లో ఒక్కటే. ఇన్ని చోట్ల ఇంతమంది చేతుల్లో మన బతుకు ఉన్నప్పుడు ఎవరితోనూ మాట పట్టింపు రాకుండా చూసుకోవడమే తెలివి అన్నది అమ్మ పద్ధతి. "మనం వచ్చింది పనికి. తల వంచుకుని చేసుకుందాం, ఖలాస్" అనేది.

రెండువేల నాలుగు, అయిదు నాటి మాట. నాకు పన్నెండేళ్లు. బళ్లో మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక, మగపిల్లలు క్యాంటీన్ దగ్గర తోసుకుంటుండగా, మా క్లాసు ఆడపిల్లలం కొందరం వాళ్లు వదిలేసిన ఫుట్‌బాల్ తీసుకుని గ్రౌండులోకి పరిగెత్తేవాళ్లం. ఎలా మొదలైందో నాకే గుర్తులేదు. యూనిఫాం మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుపోయేది. నాకు అందరికంటే ముందు ఉండటం ఇష్టం. గోల్‌కి దగ్గరగా నిలబడి, వచ్చిన బంతిని లోపలికి పంపించే ఆ ఒక్క పనీ చేస్తే చాలు, మధ్యాహ్నం రెండు పీరియడ్లు లెక్కలున్నా నాకు బాధనిపించేది కాదు.

ఆ ఏడాది బళ్లోకి కొత్త పీటీ సార్ వచ్చారు. వచ్చిన కొన్నాళ్లకే మగపిల్లల టోర్నమెంటు ఉందని, ఇక గ్రౌండు వాళ్లకేనని చెప్పారు. మేం టోర్నమెంటు అయ్యేదాకా అనుకున్నాం. టోర్నమెంటు అయిపోయింది, గ్రౌండు మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు మేం అడిగితే ఆయన క్లాసులో అందరి ముందూ జవాబు చెప్పారు. ఫుట్‌బాల్ ఆడపిల్లల శరీరానికి పడదట. ఇప్పుడు తెలీదు గానీ రేపు పెళ్లయ్యాక ఇబ్బందులు వస్తాయట. వరండాలో త్రోబాల్ ఆడుకోవచ్చట. మగపిల్లలు నవ్వారు. మేం తలలు దించుకున్నాం. ఆట పోయినందుకు కన్నా, మా ఒళ్ల గురించి అందరి ముందూ అలా మాట్లాడినందుకు నాకు ముఖం మండిపోయింది.

అమ్మతో చెబితే "సార్ ఏదో మంచికే చెప్పుంటారు, వదిలెయ్" అంటుందని తెలుసు. అందుకని మా అమ్మమ్మతో చెప్పాను. ఆ చలికాలం అమ్మమ్మ విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉంది. డెబ్భయి దాటాయి. గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, అక్కడే రిటైరైన మనిషి. ఫుజైరా వచ్చిన వారానికే చేపల మార్కెట్టుకి దారి తెలుసుకుంది. భాష రాకపోయినా చేప మొప్ప ఎత్తి చూపించి బేరం చేసేది.

నేను చెప్పేసరికి వంటింట్లో చేపలు తోముతోంది. సార్ చెప్పిందంతా విని, చెయ్యి ఆపి, నా వంక చూసి పకపకా నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. ముఖం గట్టిపడింది.

"ఒసే, ఈ మాట ఇంకా బతికే ఉందిటే? నేను ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. అప్పటికే అది పాత మాట. మా దొరసానమ్మగారికి చెప్పిన మాట అది."

అలా మొదలైంది. ఆ తరవాత రోజూ నేను బడి నుంచి వచ్చాక, అమ్మ డ్యూటీలో ఉండగా, అమ్మమ్మ వంట చేస్తూనో, బట్టలు ఆరేస్తూనో ఆ కథ కొంచెం కొంచెంగా చెప్పేది.

అమ్మమ్మ నర్సింగు నేర్చుకున్న ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద ఒక ఇంగ్లీషావిడ. అందరూ దొరసానమ్మగారు అనేవారు. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్లు ఉంటాయి. పొడుగ్గా, ఎముకలు కనిపిస్తూ, ఒక మోకాలు సరిగ్గా వంగక కాస్త ఈడ్చుకుంటూ నడిచేదట. ఆవిడ ఇంగ్లండులో సెంటర్ ఫార్వర్డ్. ఫుట్‌బాల్ జట్టులో అందరికన్నా ముందు నిలబడి గోల్ కొట్టే మనిషి.

మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లంతా సిపాయిలై వెళ్లిపోతే, ఫిరంగి గుళ్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లోకి ఆడపిల్లల్ని తీసుకున్నారు. దొరసానమ్మగారు అందులో చేరేనాటికి ఇంకా చిన్నపిల్లే. మందుగుండు ముట్టుకుని ముట్టుకుని వాళ్ల చేతులూ ముఖాలూ పసుపు రాసుకున్నట్టు పచ్చబడిపోయేవట. మధ్యాహ్నం రొట్టె తిన్నాక ఫ్యాక్టరీ ఆవరణలో బంతి తన్నుకునేవారు. అది చూసి ఎవరో జట్టు కట్టించారు. గాయపడ్డ సైనికుల ఆసుపత్రుల కోసం చందాలు పోగెయ్యడానికి వీళ్ల చేత ఊరూరా ఆడించారు. మొదట్లో జనం నవ్వుకోవడానికి వచ్చారు. తరవాత ఆట చూడటానికే వచ్చారు. నిలబడటానికి చోటు దొరికేది కాదట.

యుద్ధం అయిపోయింది. మగవాళ్లు తిరిగి వచ్చారు. ఫ్యాక్టరీల్లోంచి ఆడవాళ్లని పంపేశారు. వాళ్లు ఆట మాత్రం వదల్లేదు. అప్పుడు ఆ దేశపు ఫుట్‌బాల్ పెద్దలంతా కూర్చుని ఒక తీర్మానం చేశారు. ఈ ఆట ఆడవాళ్లకి తగదు, ఏ క్లబ్బూ తన గ్రౌండు వాళ్లకి ఇవ్వకూడదు. ఆడవాళ్ల ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టర్లు కూడా కొందరు వంత పాడారు.

"అదీ సంగతి" అంది అమ్మమ్మ, తడి లుంగీ ఒకటి దులిపి తీగ మీద వేస్తూ. "మందుగుండు మోయించినప్పుడు ఆడదాని ఆరోగ్యం ఎవడికీ గుర్తు రాలేదు. బంతి తన్నేసరికి గుర్తొచ్చింది."

దొరసానమ్మగారి అసలు ఆట ఆ తరవాతే మొదలైందని అమ్మమ్మ చెప్పేది. రైతుల్ని అడిగి, ఆవుల్ని పక్కకి తోలి, పచ్చిక బయళ్లలో తాళ్లు కట్టి ఆడారు. కుక్కల పందేలు జరిగే మైదానాల్లో ఆడారు. ఆడవాళ్ల కాళ్లకి సరిపడే బూట్లు దొరక్క మగవాళ్ల బూట్లలో గుడ్డలు కుక్కుకుని ఆడారు. అప్పటి తోలు బంతి వానకి నాని రాయిలా బరువెక్కేది. దాన్ని తలతో కొడితే బంతి కుట్టు నుదుటికి తగిలి చర్మం లేచిపోయేది. దొరసానమ్మగారి నుదుటి మీద ఆ మచ్చ అమ్మమ్మ తన కళ్లతో చూసింది.

ఒకసారి ఒక ఊళ్లో గ్రౌండు ఇస్తామని మాటిచ్చి, తీరా జట్టు దిగేసరికి గేటుకి తాళం వేశారట. టికెట్లు కొన్న జనం రోడ్డు మీద నిలబడి ఉన్నారు. జట్టు పెద్ద వెనక్కి వెళ్లిపోదామంది. దొరసానమ్మగారు బంతి చంకలో పెట్టుకుని, ఆ మేకుల బూట్లతోనే రాతి రోడ్డు మీద టకటకమంటూ నడవడం మొదలుపెట్టింది. ఎక్కడికని అడిగితే, ఎక్కడ నేల చదునుగా ఉంటే అక్కడికి అంది. జట్టు ఆవిడ వెనక, జట్టు వెనక జనం. ఊరు దాటి ఎవరిదో పొలం దగ్గర ఆగి, ఆ రైతుని అడిగి అక్కడే ఆడారు. ఆ రోజు గోల్స్ అన్నీ ఆవిడవేనట.

ఈ కథ విన్న మర్నాడు నేను ఆగలేకపోయాను. పీటీ పీరియడ్‌లో సార్ త్రోబాల్ ఇవ్వబోతే లేచి నిలబడి, మా అమ్మమ్మ నలభై ఏళ్లు నర్సుగా చేసిందని, మీరు చెప్పింది అబద్ధమని అనేశాను. గట్టిగానే అన్నాను. ఆయన నన్ను ఆ పీరియడ్ అంతా ఎండలో నిలబెట్టారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ మెచ్చుకోలేదు. తిట్టనూ లేదు. "అరిచి ఏం లాభమే? నీకు కావలసింది ఆయన నోరు మూయించడమా, ఆడుకోవడమా?" అంది. ఆడుకోవడమేనన్నాను. అమ్మమ్మ కిటికీ దగ్గరికి నడిచి, వెనకాల నేలకేసి చూపించింది. "అయితే రేపు నీ స్నేహితురాళ్లని రమ్మను. బుట్టలు తెచ్చుకోమను."

మర్నాడు శుక్రవారం, అక్కడ సెలవు. అమ్మకి మాత్రం డ్యూటీయే. పొద్దున్నే ఆరేడుగురు వచ్చారు. బుట్టలు రాళ్లు ఏరడానికి. చీర కుచ్చెళ్లు నడుముకి దోపి అమ్మమ్మ మాతో పాటు వంగి కంకర ఏరింది. ఎండ ఎక్కే వేళకి వరండా అంత జాగా బాగుపడింది. పై వారానికి దానికి నాలుగింతలు. కింద బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే మలయాళీ చేటన్ ఖాళీ నూనె డబ్బాలు ఇస్తే వాటిని గోల్ పోస్టులుగా పెట్టుకున్నాం. క్వారీ లారీ తోలే ఒక పఠాన్ మామ రోడ్డు పక్కన బండి ఆపి, టీ తాగుతూ కాసేపు చూసి, అద్దం దించి "యల్లా బేటీ, యల్లా!" అని అరిచి వెళ్లేవాడు.

అమ్మమ్మ మాకు ఆట నేర్పింది. తను నేర్చుకున్నదే. మిషన్ ఆసుపత్రి వెనక, బట్టలు ఉతికి ఆరేసే చోట దొరసానమ్మగారు నర్సు పిల్లల చేత సాయంత్రాలు బంతి ఆడించేదట. సెంటర్ ఫార్వర్డ్ గోల్ వంక చూస్తూ నిలబడకూడదని నాకు అప్పుడే తెలిసింది. గోల్‌కి వీపు పెట్టి నిలబడాలి. నిన్ను అడ్డుకునే మనిషి ఎక్కడుందో వీపుకే తెలియాలి. బంతి రాగానే ఆమె ఏ పక్కకి ఒరిగిందో చూసుకుని రెండో పక్కకి తిరగాలి. ఇది మాటల్లో చెప్పి మాకు అర్థం కాక, ఒకసారి తనే చేసి చూపించింది. వీపు నా మీద ఆనించి నిలబడింది. బంతి ఆవిడ పాదానికి తగిలింది. నేను ఎడమకి వెళ్లాను. డెబ్భయి ఏళ్ల మనిషి, నేత చీరలో, కుడికి తిరిగి తన్నింది. బంతి రెండు డబ్బాల మధ్య నుంచి దూసుకుపోయింది. రోడ్డు మీద లారీ హారన్ మోగింది. అమ్మమ్మ నడుము పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది, నొప్పితో, నవ్వుతో.

రాను రాను ఆడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. పై క్లాసుల అక్కలు కూడా వచ్చారు. ఈ కబురు బడికి చేరింది. అయినా మా ఇంటి వెనక, సెలవు రోజున, ఎవరేమంటారులే అనుకున్నాం. అప్పుడు దెబ్బ తగిలింది. మా జట్టులో వెనక ఆడే మలయాళీ అమ్మాయి పరిగెడుతూ పడింది. మేం ఏరకుండా మిగిలిపోయిన రాయి ఒకటి మోకాలి కింద దిగింది. అమ్మమ్మ కొంగు చింపి కట్టు కట్టింది. చేటన్ తన వ్యాన్‌లో క్లినిక్‌కి తీసుకెళ్లాడు. అక్కడ డ్యూటీలో ఉన్నది మా అమ్మే. డాక్టరు కుట్లు వేస్తుంటే ఆ పిల్ల కాలు పట్టుకున్నది కూడా మా అమ్మే. ఆ పిల్ల నాన్న మా స్కూలు కమిటీలో మెంబరు.

ఆ సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చి, డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా అమ్మమ్మ ముందు నిలబడింది. అమ్మ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు వీసా అయిపోగానే ఫ్లైటెక్కి వెళ్లిపోతావమ్మా. ఇక్కడ ముదీర్ ముందు నిలబడాల్సింది నేను. ఆ పిల్ల నాన్న క్లినిక్‌కొచ్చి అందరి ముందూ ఎన్ని మాటలన్నాడో తెలుసా? రేపు దీన్ని బళ్లోంచి తీసేస్తే ఎక్కడ చేర్పించను? రోజూ ఆ కొండలు దాటించి దుబాయ్ పంపనా?"

అమ్మమ్మ నెమ్మదిగా అంది. "రాళ్లు ఇంకా బాగా ఏరాల్సింది. అది నా తప్పే. వాళ్లింటికి వెళ్లి చెబుతాను. కానీ ఆడించడం తప్పంటే మాత్రం ఒప్పుకోనమ్మాయ్."

"నువ్వెళ్లక్కర్లేదు. నేనే వెళ్లి చెప్పి వచ్చాను" అంది అమ్మ. మంచం మీద కూలబడి బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టింది. అమ్మమ్మ పక్కన కూర్చుని, అప్పటిదాకా నాకు చెప్పని ముక్క అమ్మకి చెప్పింది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

ఫ్యాక్టరీ పని పోయాక దొరసానమ్మగారు మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సుగా చేరింది. వారమంతా డ్యూటీ, శనివారం ఆట. ఒకరోజు అక్కడి పెద్ద నర్సు పిలిచి, ఇది గౌరవమైన కొలువు, ఆ ఆటయినా మానెయ్, ఈ ఉద్యోగమైనా వదిలెయ్ అందట. "నా పనిలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను" అని ఈవిడ జవాబిచ్చింది. పనిలో తప్పేమీ చెప్పలేకపోయారు. అయినా ఉద్యోగం తీసేశారు. ఎన్నో నెలలు అక్కగారింట్లో తలదాచుకుని, చివరికి దూరంగా ఇంకో ఊళ్లో పని దొరకబుచ్చుకుంది. అక్కడా శనివారాలు ఆడింది. మోకాలు పూర్తిగా పోయేదాకా ఆడింది. మిషన్ పని మీద మన దేశం వచ్చింది ఆ తరవాతే.

అమ్మ తల ఎత్తి అడిగింది. "చివరికి గెలిచిందా? గ్రౌండులిచ్చారా?"

"ఎక్కడిచ్చారు? ఆవిడ ఆట మానేనాటికీ ఆ తీర్మానం అలాగే ఉంది. మా ఆసుపత్రి వదిలి వాళ్ల దేశం వెళ్లిపోయేనాటికీ అలాగే ఉంది."

"మరి ఎందుకమ్మా ఆ యాతనంతా?"

"నేనూ అదే అడిగానే. నా వంక వింతగా చూసింది. 'అదేమిటి పిల్లా, అన్నేళ్లూ నేను ఆడుకున్నాను కదా' అంది."

అమ్మ లేచి వెళ్లి స్నానం చేసి వచ్చి అన్నం పెట్టింది. నాన్న సముద్రం మీద ఉన్నారు.

రెండు రోజులకి ప్రిన్సిపల్ మేడమ్ అమ్మనీ నన్నూ పిలిపించారు. అమ్మమ్మ తనూ వస్తానంది, అమ్మ వద్దంది. మేడమ్ గదిలో ఏసీ చల్లగా ఉంది. పీటీ సార్ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేడమ్ మర్యాదగానే మాట్లాడారు. నేను క్లాసులో సార్‌ని అబద్ధాలకోరన్నానని, పిల్లల్ని పోగేసి ప్రమాదకరమైన చోట ఆడిస్తున్నామని, ఒక పాపకి కుట్లు పడ్డాయని వరసగా చెప్పారు. మర్నాడు అసెంబ్లీలో అందరి ముందూ నేను సార్‌కి సారీ చెప్పాలి. ఇకమీదట ఫుట్‌బాల్ ఆడనని, ఎవర్నీ ఆడించనని కూడా చెప్పాలి. అంతే, విషయం ముగిసిపోతుంది.

అమ్మ ఒప్పుకుంటుందనే నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే రేపు అసెంబ్లీలో ఎలా నిలబడాలా అని అప్పటికే ఆలోచిస్తున్నాను. అమ్మ కుర్చీలోంచి లేచింది. నా వెనకకి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"మేడమ్, దెబ్బ తగిలిన పాప వాళ్లింటికి నేను వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. అది మా బాధ్యత. సార్‌తో గట్టిగా మాట్లాడటం కూడా మా పిల్ల తప్పే. దానికి ఇక్కడే, ఇప్పుడే సారీ చెబుతుంది." నా వీపు తట్టింది. నేను చెప్పాను. సార్ కిటికీలోంచి బయటికి చూశారు. అమ్మ మళ్లీ అంది. "ఆట ఆడనని మాత్రం దాని చేత చెప్పించను."

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే మీరు వేరే స్కూలు చూసుకోవాల్సి ఉంటుంది."

"సరే మేడమ్. టీసీ ఇవ్వండి. సెలవు రోజున ఇంటి వెనకాల ఫుట్‌బాల్ ఆడినందుకు పంపిస్తున్నామని అందులో రాయండి."

సార్ ఏదో అనబోతే మేడమ్ చెయ్యి ఎత్తి ఆపారు. తరవాత, ఆలోచించి కబురు చేస్తామన్నారు. అమ్మ థాంక్యూ చెప్పింది. మేం బయటికి వచ్చేశాం.

గేటు దాటాక టాక్సీల కోసం నిలబడాల్సిన చోట అమ్మ నిలబడలేకపోయింది. పేవ్‌మెంట్ అంచు మీద అలాగే కూర్చుంది, తెల్ల యూనిఫాంతో, దుమ్ములో. ముఖం పాలిపోయి ఉంది. నాకు గర్వంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

"భయమేసిందా అమ్మా?"

"చచ్చేంత."

"మరి ఎలా అన్నావు?"

"అనేశాను మరి" అంది. అప్పుడు తనకే నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని లేచింది. "యల్లా, డ్యూటీకి టైమైంది."

ఆ కబురు ఎప్పటికీ రాలేదు. నన్ను పంపించనూ లేదు, గ్రౌండు ఇవ్వనూ లేదు. నేను ఆ బళ్లో చదివినన్నాళ్లూ ఆడపిల్లలకి త్రోబాలే. పీటీ సార్ నాతో మళ్లీ మాట్లాడలేదు. క్లినిక్‌లో ముదీర్ అమ్మకి కొన్నాళ్లు వరసగా రాత్రి డ్యూటీలు వేశాడు. అమ్మ చేసింది.

అమ్మమ్మ వెళ్లిపోయే ముందు వచ్చిన శుక్రవారం మేం మళ్లీ ఆడాం. ముందు రోజు సాయంత్రం కూర్చుని ప్రతి రాయీ ఏరాం. కొందరు పిల్లల్ని ఇళ్లలో పంపలేదు. ఆ మలయాళీ అమ్మాయి రాదనే అనుకున్నాం. ఆట మొదలయ్యాక వాళ్ల నాన్న కారు వచ్చి ఆగింది. ఆ పిల్ల కట్టు కట్టిన కాలితో దిగి, గోల్ పక్కన కూర్చుని అందరి మీదా కేకలేయడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న కారు దిగలేదు, అలాగని వెళ్లిపోనూ లేదు. పఠాన్ మామ ఆ రోజు లారీ టాప్ మీదెక్కి కూర్చున్నాడు.

అమ్మ రాత్రి డ్యూటీ దిగి నేరుగా అటే వచ్చింది. చేతిలో అన్నం డబ్బా సంచి, కాళ్లకి తెల్ల బూట్లు. మేం నేల మీద గీసిన గీత పక్కన నిలబడి చూస్తోంది. బంతి దారి తప్పి ఆవిడ వైపు దొర్లింది. మేమంతా ఆగి చూస్తున్నాం. అమ్మ సంచి కింద పెట్టలేదు. కాలు చాచి బంతిని అరికాలి కింద ఆపింది, కొంచెం వెనక్కి లాక్కుంది, పాదం లోపలి వైపుతో సూటిగా నా కాళ్ల దగ్గరికి పంపింది. ఒక్క రాయికి కూడా తగల్లేదు.

నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అమ్మమ్మ అంది. "ఏం చూస్తావు? దానికి నేర్పించిందీ నేనే. పెద్దమనిషయ్యాక మానేసింది."

"మానేశానా, మాన్పించారా?" అంది అమ్మ, నవ్వుతూనే. అమ్మమ్మ ముఖం కొండల వైపు తిప్పుకుంది. ఆ తరవాత అమ్మ సంచి గట్టున పెట్టి వచ్చి మాతో ఆడింది.

మరుసటి ఏడాది ఆ నేల చుట్టూ కంచె పడింది. గోడౌన్లు లేచాయి. మేం ఇంకో చోటు వెతుక్కున్నాం, అదీ పోయింది, మళ్లీ వెతుక్కున్నాం. తరవాత చదువులకి తలో దేశం వెళ్లిపోయాం. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను ఫుట్‌బాల్ క్రీడాకారిణిని కాలేదు. కాకినాడలో ఇంజనీరుగా కట్టడాల పనులు చూస్తున్నాను. మగవాళ్ల మధ్య నిలబడి, ఈ పని ఇలా కుదరదు, మళ్లీ చెయ్యాలి అని చెప్పాల్సిన రోజులు తరచు వస్తుంటాయి. కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను చూసి, మీకు అసలు భయమే వెయ్యదా మేడమ్ అని అడుగుతుంటారు.

ధైర్యం ఉన్నవాళ్లకి భయం ఉండదని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. దొరసానమ్మగారి కథ ఎన్నిసార్లు విన్నా ఆ అపోహ పోలేదు. అది పోయింది ఆ ప్రిన్సిపల్ గదిలో. అమ్మ గొంతు తొణకలేదు. మేడమ్ కళ్లలోకి చూస్తూనే మాట్లాడింది. కానీ నా భుజం మీద ఉన్న ఆవిడ చెయ్యి మొదటి నుంచీ చివరిదాకా గజగజ వణుకుతూనే ఉంది. ఆ వణుకు ఆ గదిలో ఇంకెవరికీ తెలీదు, నా ఒక్కదానికే తెలుసు. అందుకే వద్దని చెప్పాల్సిన చోట ఇప్పుడు నా చేతులు వణికితే నేను సిగ్గుపడను, అవి ఆగేదాకా కాచుకోను. ఆ చేతులతోనే లేచి నిలబడి, చెప్పాల్సింది చెప్పేస్తాను.